పసుపు మీద పడ్డ వేలు

"మావారి మిషన్ మార్చేశారండి. అప్పట్నుంచీ ఆయనకి ఊపిరాడట్లేదు," అంది ఫోన్లో ఆవిడ.

డాబాగార్డెన్స్‌లో ఉన్న సూర్యకళ డిటెక్టివ్ ఏజెన్సీలో ఆ ఫోను ఎత్తినవాడు జగ్గారావు. ఏజెన్సీలో బుర్ర సూర్యకళది, మిగతా ఒళ్ళంతా జగ్గారావుది. యాభై దాటిన మనిషి. ఎదుటివాళ్ళు నవ్వినా నవ్వకపోయినా పూటకో శ్లేష విసరందే అతనికి అన్నం అరగదు.

ఆవిడ పేరు ప్రేమలీల, ఉండేది జ్ఞానాపురం అని తెలిశాక జగ్గారావుకు కేసంతా అర్థమైపోయింది. జ్ఞానాపురంలో మిషన్ అంటే చర్చి మిషనే. ఎవరో ఆవిడ భర్త జాన్‌బాబును ఒక మిషన్లోంచి ఇంకో మిషన్లోకి లాగేశారు, పాపం ఆయన ఉక్కిరిబిక్కిరైపోతున్నాడు. సూర్యకళ కోర్టు పనిమీద బయటికి వెళ్ళింది. ఆవిడ వచ్చేసరికి దర్యాప్తు సగం నడిపించేద్దామని ప్రేమలీల దగ్గరే వాళ్ళ పాస్టరుగారి నంబరు తీసుకుని ఫోన్ కొట్టాడు.

"అయ్యా, జాన్‌బాబుగారి మిషన్ మార్చిందెవరో మీకు తెలుసు. దాచకండి."

పాస్టర్ జాక్సన్, "జాన్‌బాబు మమ్మల్ని వదిలేశాడా?" అని నీరసంగా అడిగి, జవాబు వినకుండానే పెట్టేశాడు.

మధ్యాహ్నం సూర్యకళ తిరిగొచ్చాక ప్రేమలీల స్వయంగా వచ్చింది. భుజాన ఉన్న గుడ్డసంచిలోంచి తెల్లటి పెట్టెనొకదాన్ని, పొడవాటి గొట్టాన్ని, ముక్కుకు తగిలించుకునే మాస్కును తీసి సూర్యకళ బల్లమీద పెట్టింది.

"ఇదేనమ్మా మావారి మిషన్."

జగ్గారావు పాస్టరుగారి నంబరు రాసుకున్న కాగితాన్ని మెల్లగా జేబులోకి తోశాడు.

జాన్‌బాబు పోర్టులో క్రేన్ ఆపరేటరు. నిద్రలో గురకపెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోతుంది. స్లీప్ యాప్నియా అన్నారు డాక్టరు.

"పేరులోనే ఉంది కదా మేడమ్, ఊపిరి ఆపునయా అని," అన్నాడు జగ్గారావు.

ప్రేమలీల నవ్వబోయి దగ్గింది. సూర్యకళ మాత్రం నవ్వలేదు. "ఆ మిషన్ పెట్టుకుంటే గాలి ఊదుతూ గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. అంతేనా?"

"అంతేనమ్మా. బాగానే పనిచేసింది. ఆ తరవాత కంపెనీవాళ్ళే చెప్పారు, లోపలున్న స్పాంజి పొడైపోయి గాలితోపాటు ఊపిరితిత్తుల్లోకి పోతందట, వాడొద్దు, పాతవన్నీ ఇచ్చేస్తే కొత్తవి ఊరికే ఇస్తామని. దాన్ని రీకాల్ అంటారట. ద్వారకానగర్లో అచ్యుత మెడికల్స్ వాళ్ళే మాకమ్మింది. పాతది పట్టుకెళ్ళి ఇది ఇచ్చారు. ఇది కూడా అలాగే ఉందమ్మా. పొద్దున్న లేస్తే మాస్కులో నల్ల నలకలు. మిషన్ పెడితే దగ్గు, పెట్టకపోతే ఊపిరాగిపోద్ది. పక్కన కూర్చుని తట్టి లేపతన్నాను. నా కన్నంటుకుంటే ఆయన ఏమైపోతాడోనని భయం."

"షాపువాళ్ళేమన్నారు?"

"జ్ఞానాపురం కదా, పోర్టు బొగ్గుపొడి అన్నారు."

సూర్యకళ ఆ గుడ్డసంచి అడుగున వేలు రాసింది. వేలికి పోర్టు బొగ్గుపొడి నల్లగా అంటుకుంది. తరవాత మాస్కులోంచి ఒక నలక తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కింది. అది అణిగి, మళ్ళీ పైకి లేచింది.

"ఇది బొగ్గు కాదు. బొగ్గయితే చిట్లేది. ఇది స్పాంజి."

మిషన్ పక్కన, గాలి లోపలికి పోయేచోట చిన్న మూత ఉంది. దాన్ని తెరిస్తే కొత్త ఫిల్టరు తెల్లగా ఉంది. మూత లోపలివైపు మాత్రం కందిపప్పంత పసుపుచుక్క కనిపించింది. చుక్కలో సగం ఎర్రగా ఉంది.

"పసుపు, కుంకుమ," అన్నాడు జగ్గారావు.

"మీ ఇంట్లో ఎవరైనా బొట్టు పెట్టారా?" అడిగింది సూర్యకళ.

"మేం ప్రార్థన చేసుకుని మొదలెట్టామమ్మా. బొట్టెందుకు పెడతాం?"

"అయితే ఈ కొత్త మిషన్ మీ ఇంటికి రాకముందే ఇంకొకరింట్లో కాపురం చేసింది," అంది సూర్యకళ.

*

అచ్యుత మెడికల్స్ యజమాని అచ్యుతరామయ్య మర్యాదస్తుడు. వాళ్ళను కూర్చోబెట్టి, తమలపాకు తుడిచి, చిన్న డబ్బీలోంచి చూపుడువేలితో సున్నం తీసి ఆకుకు రాసుకుంటూ అంతా విన్నాడు.

"చూడండమ్మా, నేను కౌంటరు దాటి లోపలికి అడుగుపెట్టను. స్క్రూడ్రైవరు ఎటు పట్టుకోవాలో కూడా నాకు తెలీదు. మిషన్లు ముట్టుకునేదీ విప్పేదీ అంతా మా టెక్నీషియన్ గుణశేఖరే. మోసం జరిగిందంటే అది అతని పనే. ఇవాళే మానిపించేస్తాను."

గుణశేఖర్ అక్కడే నిలబడి ఉన్నాడు. కుర్రాడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఇక్కడ మీరు చేసే పనేంటి?" అడిగింది సూర్యకళ.

"పాతవి తెచ్చి స్టోర్లో పెడతాను మేడమ్. అయ్యగారు సీలేసిన పెట్టెలిత్తారు. అయి పట్టుకెళ్ళి ఇచ్చెత్తాను. మీద నంబర్లు కొత్తవే ఉంటాయి. మరి నాకేటి తెలుత్తాది?"

"పాతవాటిమీద బొట్లుంటాయా?"

"ఎందుకుండవు మేడమ్, స్టీల్‌ప్లాంట్‌లో పన్జేసినోళ్ళు ఆయుధపూజకి ఫ్యాన్ని కూడా వదల్రు. మిషన్ నెత్తిమీదే పెడతారు బొట్టు."

"మూత లోపల ఎవరు పెడతారు?"

"అదా, కంచరపాలెం గవర్రాజు తాత. ఊపిరి పోయే సోటే బొట్టెట్టాలంటాడు. ఆయన మిషన్ తీసుకొచ్చినప్పుడు నాకు సూపించాడు కూడా."

బయటికి రాగానే జగ్గారావు గొంతు తగ్గించాడు. "దొరికాడు మేడమ్. ఆ బొట్టు సంగతి వాడొక్కడికే తెలుసు."

"అందుకే వాడు కాదేమోనని నా అనుమానం."

"రీకాల్ అన్నారు, రీ 'కాల్' చేస్తే ఎత్తేవాడు లేడు. ఇప్పుడు మీరు కూడా నా మాట ఎత్తనీయట్లేదు," అని గొణుక్కున్నాడతను. అయినా మనసులో మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. మేడమ్ గురి పెట్టిందంటే ఎవడి గురకైనా ఆగాల్సిందే.

*

గవర్రాజు స్టీల్‌ప్లాంట్‌లో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరైనవాడు. మాట ఇప్పటికీ ఫర్నేస్ హోరు మీద నుంచి అరిచినట్టే ఉంటుంది.

"అంత పర్నేసుకే బొట్టెట్టినోణ్ని, నాకు ఊపిరిచ్చేదానికి ఎట్టకపోతే ఎలగ? లోపల, గాలి తీసుకునే సోట ఎట్టాను."

"పసుపు, కుంకుమ రెండూ పెట్టారా తాతా?"

"కుంకం పొడి రాల్తాది, ముక్కులోకి పోతాది. ఉట్టి పసుపే తడిపి ఎట్టాను. నానేటి, ఎర్రోణ్ననుకున్నావేటి?"

"మరి మీకిచ్చిన కొత్త మిషన్?"

"నల్లగా రాల్తంది. బొగ్గుపొడన్నారు. బొగ్గు నాకు నేర్పుతారేటి? ముప్పైయేళ్ళు దాంతోనే కాపురం సేసినోణ్ని."

తిరుగుదారిలో సూర్యకళ కిళ్ళీబడ్డీ దగ్గర ఆగి సున్నం డబ్బీ కొంది. జగ్గారావు నోరు తెరిచాడు.

"కిళ్ళీ ఎప్పట్నుంచి మేడమ్?"

"ఆకు వద్దు. సున్నమే చాలు."

*

మర్నాడు పొద్దున్న అచ్యుత మెడికల్స్‌లో అందరూ చేరారు. ప్రేమలీల, ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళు మూతలు పడుతున్న జాన్‌బాబు, వాళ్ళ వెనకాల అడక్కుండానే వచ్చిన పాస్టర్ జాక్సన్. గవర్రాజు. ఓ మూల, ఉద్యోగం పోయినట్టే అనుకుంటున్న గుణశేఖర్. కౌంటర్లో అచ్యుతరామయ్య. గుమ్మం దగ్గర, సూర్యకళ పిలిపించిన ఎస్సై.

సూర్యకళ మిషన్ మూత తెరిచి అందరికీ చూపించింది.

"ఇది గవర్రాజుగారు తిరిగిచ్చేసిన మిషన్. పైపైన తుడిచి, కొత్త నంబరు అంటించి, కొత్త ఫిల్టరు పెట్టి, సీలేసి జాన్‌బాబుగారికి పంపారు. గవర్రాజుగారికి ఇంకెవరిదో ఇచ్చారు. ఎవరు చేశారన్నది ప్రశ్న. ఈ మూతలో బొట్టుందని గుణశేఖర్‌కు ముందే తెలుసు. తనే చేసుంటే తుడవకుండా వదులుతాడా? వదిలేసింది తెలియనివాళ్ళే."

"తొందర్లో మర్చిపోయుండొచ్చు," అన్నాడు అచ్యుతరామయ్య.

"ఉండొచ్చు. కానీ ఈ ఎరుపెక్కణ్నుంచి వచ్చింది? గవర్రాజుగారు కుంకుమ వెయ్యలేదు."

ఆవిడ డబ్బీ తెరిచి, చూపుడువేలితో కాస్త సున్నం తీసి మిగిలిన సగం పసుపు మీద రాసింది. అందరూ చూస్తుండగానే పసుపు ఎర్రబడింది.

"దిట్టి తీసే ఎర్రనీళ్ళు," అన్నాడు గవర్రాజు.

"ఈ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే. పసుపుకు సున్నం తగిలితే ఎరుపు. ఫిల్టరు మార్చడానికి ఈ మూత తెరిచిన చూపుడువేలికి సున్నముంది. గుణశేఖర్ కిళ్ళీ ముట్టడని నిన్ననే కనుక్కున్నాను. ఇక కౌంటరు దాటి లోపలికి అడుగుపెట్టనన్న మనిషి…" సూర్యకళ కౌంటర్ మీద ఉన్న తమలపాకుల వైపు చూసి ఆపేసింది.

అచ్యుతరామయ్య చెయ్యి కౌంటర్ కిందకి జారింది.

"వేలు వస్తాయని ఆశపడితే వేలే పట్టిచ్చింది," అన్నాడు జగ్గారావు. ఈసారి సూర్యకళ కూడా చిన్నగా నవ్వింది.

అచ్యుతరామయ్య తల దించుకునే చెప్పాడు. కంపెనీ పంపిన కొత్త మిషన్లకు పొరుగు రాష్ట్రంలో మంచి బేరం తగిలింది. పాతవాటిని తుడిచి ఇచ్చేస్తే ఎవరు గుర్తుపడతారులే, నలకలు పడితే పోర్టుంది కదా, బొగ్గుంది కదా అనుకున్నాడు. సరుకు ఇంకా వెళ్ళలేదు, సబ్బవరం గోడౌన్లో ఉంది.

"గాలి వచ్చే సోట సెత్త ఎట్టి, ఇంతమంది ఊపిరితో బేరమాడావు గదరా," అన్నాడు గవర్రాజు. అరవకుండా ఆయన మాట్లాడటం అదే మొదటిసారి.

ఎస్సై అచ్యుతరామయ్యను కూర్చోబెట్టి కాగితాలు రాస్తుండగా, ఒక కానిస్టేబుల్ని వెంటేసుకుని గుణశేఖర్ గోడౌన్‌కి వ్యాను తీశాడు. తిరిగొచ్చేసరికి ఎండ ముదిరింది. పెట్టెలు దించుతూ, "అందరి ఇళ్ళకీ నానే ఎల్తాను మేడమ్. ఎవరి పాతది వాళ్ళ కళ్ళముందే ఇప్పి సూపించి, ఇయ్యన్నీ ఇచ్చెత్తాను," అన్నాడు. మొదటి పెట్టె సీలు జాన్‌బాబు చేతే తెరిపించాడు. లోపలి మిషన్ మెరిసిపోతోంది, మూత లోపల ఏ చుక్కా లేదు. డాక్టరు చీటీ చూసి గాలి ఎంత కావాలో అంత పెట్టాడు.

"ఓసారి పెట్టుకుని చూడు నాయనా," అన్నాడు జాక్సన్.

జాన్‌బాబు కుర్చీలోనే వెనక్కి వాలి మాస్కు తగిలించుకున్నాడు. ఎన్ని రాత్రుల బాకీయో, నాలుగు ఊపిర్లు తీయకముందే నిద్రపోయాడు. గురక లేదు, దగ్గు లేదు. గాలి సన్నగా వస్తోంది, ఛాతీ లేస్తోంది, దిగుతోంది. అతని భుజం మీదున్న ప్రేమలీల చెయ్యి అలవాటుగా తట్టడానికి లేచి, గాల్లో కాసేపు ఆగి, మెల్లగా ఆమె ఒళ్ళో వాలిపోయింది.

జాక్సన్ ఇక ఉండబట్టలేకపోయాడు. జగ్గారావు చెవిదగ్గరకు వంగి, "అంతా బాగానే ఉంది గానీ, ఇందులో మా చర్చి తప్పేముంది? జాన్‌బాబు మిషన్ ఎవరు మార్చారని నన్నడిగారు మీరు. నాకు రాత్రంతా నిద్రపట్టలేదు," అన్నాడు.

అందరూ జగ్గారావు వైపు తిరిగారు. సూర్యకళ కూడా. తప్పించుకునే దారి కనిపించక, జ్ఞానాపురం, ఫోను, మిషన్, తను చేసిన సగం దర్యాప్తు మొదట్నుంచీ చెప్పాడు. "ఆవిడ ఊపిరి మిషన్ గురించి చెబితే నేను ఊరి మిషన్ అనుకున్నాను. క్షమించాలి అయ్యగారూ. మీ సంఘంలోంచి ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళింది మీ నిద్ర ఒక్కటే."

జాక్సన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గవర్రాజు నవ్వు బయటికి రావడానికి సిద్ధమవుతుండగా ప్రేమలీల వేలు పెదవుల మీద పెట్టి అందరినీ చూసింది.

"మెల్లగా నవ్వండి," అంది కళ్ళు తుడుచుకుంటూ. "మావారు పడుకున్నారు."