స్టీరింగు లేని కారులో ఎవరో

పొద్దుగూకాక ఆ వీధి చివరి షెడ్డు వైపు ఎవరూ పోయేవారు కాదు. పెద్ద మేస్త్రి కాలం చేసిన దగ్గర్నుంచీ దానికి దెయ్యాల షెడ్డని పేరొచ్చింది. శిష్యుల పనిలో తప్పు కనబడితే ఆయన నోరు తెరిచి చెప్పే రకం కాదు. పానా తీసి టేబుల్ మీద టంగుమని ఒక్క దెబ్బ వేసేవాడు, అంతే. పోయాక కూడా ఆ టంగు వినిపిస్తోందని ఒకరన్నారు. ఇంకొకరు, ఒకటి కాదు రెండన్నారు. మూడోవారికి ఏకంగా దగ్గు కూడా వినిపించింది!

ఆయన శిష్యుడు, కార్ల పొగగొట్టాలు చేసే మేస్త్రి, ఇప్పుడా షెడ్డు నడుపుతున్నాడు. "ఉంటే ఉండనీ, పనిలో ఓ చెయ్యేస్తాడు" అని నవ్వేసేవాడు.

అతని భార్య బెంగ దెయ్యం గురించి కాదు, మొగుడి మతిమరుపు గురించి. ఆ ఏడాది కళ్లజోడు రెండుసార్లు, తాళాలు మూడుసార్లు పోయాయి. ఓసారి సైకిలు మీద వెళ్లి నడిచి వచ్చాడు. ఆ రోజే అన్నాడు— "ఈ డాక్టరుగారి కారు ఒక్కటి చేసిస్తానే. ఇందులో పొరపాటు చేశానో, ఇక షెడ్డు మూసేస్తా." అని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. పెట్టుకున్నవే విప్పి మళ్లీ పెట్టుకున్నాడు.

అరవై ఏళ్ల నాటి కారు అది. ఇంజను పొగ బయటికి పోయే పోత ఇనప గొట్టం పగిలింది, అలాంటిది ఇప్పుడు ఏ బజారులోనూ దొరకదు. అందుకని వంపు ముక్కలు కోసి, నాలుగు సిలిండర్లకు నాలుగు గొట్టాలు, అన్నీ ఒకే పొడవు వచ్చేలా మెలికలు తిప్పి, చివర ఒకదాంట్లో కలపాలి. దాన్నే హెడర్ అంటారు. ముందు చుక్కచుక్కగా అంటించి చూసుకోవాలి. పూర్తి వెల్డింగు పడిందా... ఇక మార్చడానికి లేదు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ ఆమె తమ్ముడింటికి వెళ్లి, సోమవారం ఉదయం తిరిగొచ్చారు. ఆ మధ్యాహ్నం ఎదురింటి టైలరమ్మ గుమ్మంలోకొచ్చి గొంతు తగ్గించింది.

"వదినా... నిన్న రాత్రి మీ షెడ్డు కిటికీలోంచి చూశాను. ఆ కారు డ్రైవరు సీట్లో... ఎవరో జుట్టు విరబోసుకుని!"

"నీ కళ్లకు ఎప్పుడూ ఏదో ఒకటి కనబడుతూనే ఉంటుందిగా."

అందేగానీ, మంగళవారానికి మొగుడు కూడా అన్నం ముందు కూర్చుని గొణిగాడు. "షెడ్డులో ఎవరో ఉన్నారే. నిన్నా పెట్టారు, ఇవాళా పెట్టారు. పొద్దున్నే తీసి పారేస్తాను, తెల్లారేసరికి మళ్లీ అక్కడే!"

"ఏది?"

"చెబితే నవ్వుతావు."

బుధవారం రాత్రి భోంచేసి, "కళ్లజోడు మర్చిపోయా" అంటూ షెడ్డుకు వెళ్లాడు. సోమ, మంగళవారాలూ అదే మాట, అదే వెళ్లడం. గంటైనా రాలేదు. ఇక ఆమె టార్చి తీసుకుని బయల్దేరింది.

షట్టరు సగానికి దించి ఉంది. వంగి లోపలికి దూరింది. దీపం లేదు... కాలిన ఇనుము వాసన...

టంగ్.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

టంగ్...

టార్చి వెలుగు కారు మీద పడింది. స్టీరింగు ఉండాల్సిన చోట, డ్రైవరు సీటు ముందు— జుట్టు! చింపిరి జుట్టు, నాలుగు వైపులా విరబోసుకుని...

"ఎవ... ఎవరది?"

జుట్టు ఇటూ అటూ ఊగింది.

"నేనే" అంది బానెట్టు కింద నుంచి ఓ గొంతు. "బల్బు మాడిపోయిందే. ఆ టార్చి ఇలా పట్టు."

మొగుడే! చేతిలో కర్ర కొస, ఆ రెండో కొసన కుచ్చు. షెడ్డులో ఉండే బూజుకర్ర అది.

"మీ మొహం మండ! ఇదేం పనండీ?"

"చెయ్యి దూరడానికని స్టీరింగు రాడ్డు విప్పి పక్కన పెట్టానా... అది వెళ్లే దారి మర్చిపోకుండా దీన్ని పెడుతున్నా. చూడు, రెండో గొట్టం సరిగ్గా దానికి అడ్డం వచ్చింది. ఇలాగే వెల్డింగు చేస్తే బండి గర్జిస్తుంది గానీ మలుపు తిరగదు."

"మరి మీరు రోజూ పొద్దున్నే తీసి పారేస్తున్నది..."

అతను కర్ర వంక చూశాడు. ఆమె వంక చూశాడు.

"నేనే పెట్టానా? నిన్నా... మొన్నా కూడా?" స్టూలు మీద కూలబడ్డాడు. "అయితే మూసేద్దామే షెడ్డు."

"ఎందుకూ? తప్పు పట్టుకుందెవరు? మీరేగా! మూడుసార్లు పట్టుకున్నారు, రెండుసార్లు మర్చిపోయారు. ఇంకా ఒకటి మీకే మిగిలింది."

అతనికి నవ్వాగలేదు.

టంగ్... ఆమె ఉలిక్కిపడింది.

"వేడి గొట్టం చల్లారితే అలాగే అంటుందిలే" అన్నాడు.

ఆమె అట్టముక్క మీద సుద్దతో రాసి కుచ్చుకు కట్టింది— 'ఇది మీరు పెట్టిందే. స్టీరింగు దారి. తీస్తే ఊరుకోను.'

మర్నాడు అది చదివి, రెండో గొట్టం చుక్కలు కోసి, కిందికి తిప్పి అంటించాడు. శనివారం డాక్టరుగారు కారు తోలుకుపోతుంటే వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చింది. చివర మలుపు దగ్గర ముసలి కారు వయ్యారంగా తిరిగింది. షెడ్డు మూసే మాట మళ్లీ రాలేదు.

"ఆ సోమవారం పొద్దున కర్రను చూసి తిట్టుకుంటూ పారేశాను గానీ" అన్నాడు చేతులు తుడుచుకుంటూ, "రాత్రికి రాడ్డు సంగతి గుర్తొచ్చింది దానివల్లే. మొదటిసారి ఎప్పుడు పెట్టానో... శనివారమేమో!"

ఆమె అవునని తలూపబోయి ఆగింది.

ఆదివారం పొద్దున ఊరెళ్లే ముందు అదే కర్రతో షెడ్డు బూజులు దులిపింది తనే. మూలన నిలబెట్టిందీ తనే. తాళం వేసిందీ తనే. ఆ రాత్రంతా తాళంచెవి తన సంచిలోనే ఉంది... టైలరమ్మ జుట్టు చూసిందీ ఆ రాత్రే.

ఆ సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు బూజుకర్రను శుభ్రంగా దులిపి, మూలన పెట్టకుండా, పెద్ద మేస్త్రి పాత స్టూలు పక్కన ఆనించింది.

చేతికందేలా.