వాన తలుపుల పెట్టె

1959. వసంతం ముదిరి, ఒసాకాలో మా కాలువ కంపు కొట్టడం మొదలుపెట్టిన రోజులు.

ఇకాయినోలో ఆ కాలువ గట్టున మా వరస ఇళ్లుండేవి. వరసలో చివరి ఇంటికి చెడ్డ పేరు. పొద్దుగూకితే ఆ ఇంటి వెనక గట్టు మీద ఎవరూ నడిచేవారు కాదు. తాగి తూలుతూ వచ్చేవాడు కూడా అక్కడికి రాగానే తిన్నగా నిలబడి, వెనక్కి తిరిగి, చుట్టుదారిన పోయేవాడు.

యుద్ధం రోజుల్లో ఆ ఇంట్లో ఒక జపాను కుట్టుపనామె ఉండేదట. బాంబులు పడ్డ రాత్రి భయపడి, వెనక కిటికీకి బయట అడ్డం పడే చెక్క వాన తలుపులు లాగేసుకుని లోపలే కూర్చుందట. మంటలు ఆ ఇంటిదాకా రాలేదు. పొగ వచ్చింది. తెల్లారి చూస్తే... ఆమె చెయ్యి ఇంకా తలుపు అంచునే పట్టుకుని ఉందట.

ఆ తలుపులు దాచే పెట్టెలోనే ఆమె ఉండిపోయిందని చెప్పుకునేవారు. చీకటి పడ్డాక ఎవరు తలుపు లాగినా — తలుపుతో పాటు ఆ చెయ్యి కూడా బయటికి వస్తుంది.

నేను చూశానని అనను. విన్నాను. ఎవరి నోట విన్నానో చివర్లో చెబుతాను.

ఆ ఇంట్లో ఉన్నది కొరియాలోని మా జేజు దీవి మనిషే. పు మాల్‌సున్ అని, మొగుడు పోయినామె. చెప్పుల పట్టీలు కుట్టి, జిగురు రాసి, సుత్తితో కొట్టి బతికేది. కిందటేడు ఆకులు రాలే కాలంలో వచ్చి చేరింది. ఇల్లు చూసిపెట్టింది మాన్సు మామ. యాంగ్ మాన్సు. యుద్ధానికి ముందే ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ మనిషి, జపాను భాష నీళ్లలా మాట్లాడేవాడు. మా దీవి నుంచి ఎవరొచ్చినా ముందు ఆయన గడపే తొక్కేవారు. చుట్టరికం ఉన్నా లేకపోయినా అందరికీ ఆయన మామే.

మా ఊళ్లో కిటికీ అంటే నల్లరాతి గోడలో చిన్న కంత. లోపల కాగితం తలుపు, బయట చెక్క తలుపు. తోస్తే తెరుచుకుంటాయి, లాగితే మూసుకుంటాయి. ఇంటి చుట్టూ మళ్లీ రాతి గోడ. లోపల దీపం వెలిగిస్తే ఆ వెలుగు వాకిలి కూడా దాటదు.

ఇక్కడ గోడే కిటికీ. నేల నుంచి నెత్తి దాకా కాగితం చట్రాలు, అవి పక్కకి జరుగుతాయి. వాటి బయట వాన తలుపులు. అవీ పక్కకే జరిగి, గోడకు తగిలించిన ఒక చెక్క పెట్టెలోకి పోయి మాయమైపోతాయి. రాత్రికి ఒక్కొక్కటీ పెట్టెలోంచి లాగాలి, పొద్దున మళ్లీ లోపలికి తోయాలి.

వచ్చిన రోజే మాల్‌సున్ అలవాటుగా కిటికీని ముందుకు తోసింది. చట్రం గాడి తప్పి, గట్టు మీంచి దొర్లి, కాలువలో పడింది. నేనే వెదురు గడతో బయటికి లాగాను.

“ఏమ్మా మాల్‌సున్, అడుగు పెట్టావో లేదో కిటికీకి స్నానం చేయించావే!”

“నవ్వు, బాగా నవ్వు! తోస్తే తెరుచుకోనిది కూడా ఒక కిటికీయేనా? పీతలాగా పక్కకి పాకుతుంది!”

తడిసిన చట్రానికి కొత్త కాగితం అంటించుకుంది. మాకు కాగితం గది లోపలి వైపు అంటించడం అలవాటు. ఇక్కడివాళ్లు బయటి వైపు అంటిస్తారు. పక్కింటి జపాను ముసలామె, కిషిదా అవ్వ, అది చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“మీ కిటికీ చొక్కా తిరగేసి తొడుక్కుందండీ, మాల్‌సున్ గారూ!”

మాల్‌సున్ పట్టించుకోలేదు. కాగితం దట్టంగా ఉంది, అవతల ఏమీ కనిపించదు. తనకు అవతల కనిపించకపోతే అవతలివాళ్లకి తాను కనిపించనట్టే అనుకుంది. రాతి గోడల మధ్య పెరిగిన మనిషి అలాగే అనుకుంటుంది. నేనైనా అంతే అనుకునేవాణ్ణి.

చలి తగ్గేవేళకి ఆమె తమ్ముడు తేగిల్ వచ్చాడు. చేపల పడవ అడుగున దాక్కుని, కాగితాలు లేకుండా. అక్కడ వాడి వయసు కుర్రాళ్లు చాలామంది అప్పటికే కొండల్లో సైన్యం తుపాకులకు పోయారు. ఆమెకు మిగిలింది వాడొక్కడే.

పట్టుబడితే క్యాంపు. క్యాంపు తర్వాత వెనక్కి పంపే ఓడ. ఓడ దిగాక ఏమవుతుందో మా వరసలో ఎవరూ పైకి అనేవారు కాదు.

తేగిల్ పగలంతా అటక మీద పడుకునేవాడు. రాత్రి దీపం పెట్టుకుని, ఆ వెనక గదిలో, కిటికీ పక్కన అక్కాతమ్ముళ్లు చెప్పుల పని చేసుకునేవారు. మా వరసకంతా తెలుసు. ఎవరూ నోరెత్తలేదు.

ఒక సాయంత్రం మాన్సు మామ పంది కాళ్ల పులుసు గిన్నె పట్టుకుని వచ్చాడు. తేగిల్ తింటుంటే వాడి వీపు నిమిరాడు. మాల్‌సున్ లేచి వాన తలుపు లాగబోయింది. ఆయన చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“ఆగు, అమ్మాయ్... రోజూ లాగుతున్నావా?”

“లాగుతున్నాను మామా. చలికి.”

“చలికాలం వేరు.” గొంతు తగ్గించాడు. “ఈ నెలలోనే పోయిందామె. ఏటా ఈ నెలల్లోనే లేస్తుంది. నీకెవరూ చెప్పలేదూ?”

అప్పుడు చెప్పాడు — కుట్టుపనామె సంగతి, పొగ సంగతి, చెయ్యి సంగతి.

“వానాకాలం దాటేదాకా ఆ పెట్టె జోలికి పోకు. కుర్రవాడున్న ఇల్లు. ఆమెకి పిల్లలు లేరట...”

ఆ రాత్రి నుంచి వాన తలుపులు పెట్టెలోనే ఉండిపోయాయి.

కొన్నాళ్లకి చప్పుడు మొదలైంది.

ముందు చాలా మెల్లగా. చీకటి పడే వేళ, మళ్లీ తెల్లవారుజామున. పెట్టె లోపల... గీర్... గీర్... గోటితో చెక్కను గీకుతున్నట్టు. పని చేస్తున్న సుత్తి గాలిలోనే ఆగిపోయేది.

“అక్కా... విన్నావా?”

“ఎలక. పని చూడు.”

“ఎలకైతే నీ చెయ్యెందుకు వణుకుతోంది?”

“జిగురు వాసనకి. నోరు మూసుకుని కొట్టు.”

తర్వాత చప్పుడుకు గొంతు వచ్చింది. ఊపిరాడని మనిషి ఈలలా పీల్చినట్టు... ఒక్కసారి కాదు, ఆగి ఆగి... పొగలో చిక్కుకున్న గొంతులా.

మాల్‌సున్ కిటికీ కింద గిన్నెడు అన్నం, కాస్త సారా పెట్టింది. చప్పుడు ఆగలేదు. ఇంకా పెరిగింది.

ఒక రాత్రి తేగిల్ మొహం తెల్లబడి ఉంది. “అక్కా, ఇది దెయ్యమో కాదో నాకు తెలీదు. కాలువ అవతల ఎవరో నిలబడుతున్నారు. నిన్న సిగరెట్టు నిప్పు కనిపించింది, చట్రం సందులోంచి. వాన తలుపులు వేసేద్దాం.”

“మామ వద్దన్నాడు కదరా.”

“అవతలివాడు మనిషైతే?”

ఆమె కుడుతున్న పట్టీ పక్కన పెట్టింది. తర్వాత లేచింది. తమ్ముణ్ణి వెనక్కి నెట్టి, కాగితం చట్రం జరిపి, చీకట్లో చెయ్యి చాచింది. పెట్టె నోటి దగ్గర తలుపు అంచు చేతికి తగిలింది. లాగింది... రాలేదు. ఎవరో లోపల్నుంచి పట్టుకున్నట్టే ఉంది.

ఇంకొంచెం లోపలికి చెయ్యి పోనిచ్చింది.

మెత్తగా ఏదో తగిలింది. వెచ్చగా... బతికున్నదేదో... వేళ్ల కింద కదిలింది. ఆ వెంటనే అరుపు — చెవి పక్కనే!

మాల్‌సున్ వెనక్కి పడిపోయింది, చెయ్యి బెణికింది. ఆ అరుపు మా ఇంటిదాకా వినిపించింది. నేను దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాను. ఎవరూ బయటికి రాలేదు.

ఆ తర్వాత తేగిల్ మళ్లీ వాన తలుపుల మాట ఎత్తలేదు. అక్క చేతికి వేడినీళ్ల కాపడం పెట్టి, దీపం పక్కనే కూర్చుని పని చేసుకున్నాడు. ఇద్దరూ. పెద్ద తెల్ల కాగితం వెనక.

వానలు మొదలైన వారంలో, తెల్లవారుజామున పోలీసులు వచ్చారు. ముందు గుమ్మం దగ్గర కొందరు, వెనక గట్టు మీద కొందరు. ఎక్కడా వెతకలేదు. నేరుగా అటక నిచ్చెన దగ్గరికి వెళ్లారు.

మాల్‌సున్ అడ్డం నిలబడింది. “నేనొక్కదాన్నే ఉంటాను. కావాలంటే మాన్సు గారిని అడగండి!”

వాళ్లలో పెద్దాయన తడిసిన టోపీ తీసి, విసుక్కోకుండానే చెప్పాడు. “అమ్మా, అవతల గట్టు మీంచి రోజూ చూస్తున్నాం. ఆ కాగితం మీద రెండు నీడలు. ఒకటి మీది. రెండోది సుత్తి పట్టుకునేది.”

తేగిల్ దిగి వచ్చాడు. చెప్పులు తొడుక్కుంటూ, “అక్కా, కాపడం మానకు,” అన్నాడు. అంతే.

మూడు రోజులు మాల్‌సున్ తలుపు తీయలేదు. నాలుగో రోజు వెనక నుంచి ధన్... ధన్... అని చప్పుడు. నేనూ, కిషిదా అవ్వా ఒకేసారి గట్టు మీదికి పరిగెత్తాం. మాల్‌సున్ చెప్పుల సుత్తితో ఆ పెట్టెను బాదుతోంది.

“బయటికి రావే! నీకు పిల్లలు లేరటగా! వాణ్ణి తీసుకున్నావుగా! రా, నీ చెయ్యి చూస్తాను!”

పెట్టె పలక ఊడింది.

గడ్డి. ఈకలు. మట్టి. మాల్‌సున్ పట్టీలు కుట్టే ఎర్ర దారం ముక్కలు, గుండ్రంగా అల్లి ఉన్నాయి. పిట్ట పిల్లలు అప్పటికే ఎగిరిపోయాయి. రెక్క ముడుచుకుని చచ్చిన పిల్ల ఒక్కటి అడుగున ఉంది.

కిషిదా అవ్వ తొంగి చూసింది. “ఓహో, గోరింకలే. తలుపులు రోజూ లాగి ఉంటే కట్టేవి కావండీ. కదలని పెట్టెలోనే అవి గూడు పెడతాయి.”

“కుట్టుపనామె...” అంది మాల్‌సున్.

“ఏ కుట్టుపనామె?”

“ఈ ఇంట్లో చచ్చిపోయింది. పొగకి.”

“ఈ ఇంట్లోనా? మీకు ముందు పీపాలు చేసే ఆయన ఉండేవాడు. ముసలితనం వచ్చి కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. ఇక్కడెవరూ చావలేదు.” అవ్వ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. “యాంగ్ గారిని అడక్కపోయారా? పిట్ట గూళ్ల సంగతి ఆయనకి బాగా తెలుసు. నేను వెనక గది వాడను కదా, ఏటా నా పెట్టెలో గూడు తీసి పారేసేది ఆయనే.”

వాన చినుకులు పడుతున్నాయి.

మాల్‌సున్ ఆ గూడును రెండు చేతులతో ఎత్తింది. పసిబిడ్డను మోసినట్టు మోసుకుంటూ వీధి వెంట నడిచింది. మేం వెనకాల నడిచాం. మాన్సు మామ తన కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు.

ఆమె గూడును ఆయన కిటికీ ముందు నేల మీద పెట్టింది.

“మామా. చెయ్యి దొరికింది.”

ఆయన గూడును చూశాడు. ఎర్ర దారం చూశాడు. ఆమె మొహం చూడలేదు. టీ గిన్నె పక్కన పెట్టి, లేచి, పెట్టెలోంచి వాన తలుపు లాగాడు. ఒకటి... రెండోది... చివరిది. మిట్ట మధ్యాహ్నం. లోపల గడియ పడ్డ చప్పుడు మా అందరికీ వినిపించింది.

ఆ రాత్రి మా వరసంతా ఒక చోట కూర్చుని ఆ దెయ్యం కథను వెనక్కి తిరగేశాం. నీకెవరు చెప్పారు? నాకు ఫలానావాడు. వాడికెవరు చెప్పారు? మాన్సు మామ. నీకు? మాన్సు మామే. నాకు చెప్పిందీ ఆయనే, తేగిల్ వచ్చిన వారంలో, నా భుజం మీద చెయ్యి వేసి. ఆ వసంతానికి ముందు ఆ కథ విన్నవాడు మాలో ఒక్కడు లేడు. చలికాలమంతా మాల్‌సున్ రోజూ ఆ తలుపులు లాగింది, ఏ చెయ్యీ బయటికి రాలేదు. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

ఉత్తి మాట మీద పోలీసులు ఇంట్లోకి రారు. కళ్లతో చూడాలి. చూడాలంటే కిటికీ తెరిచి ఉండాలి.

ఇదంతా అనుకోకుండా జరిగిందని మాన్సు తరఫున ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మాన్సు పెద్దకొడుకు ఈ దేశంలో ఉండే అనుమతి కాగితాల గడువు ఆ ఏడుతో తీరిపోవాలి. ఆ వానల వెనక వచ్చిన ఎండాకాలంలోనే వాడికి కొత్త కాగితం వచ్చింది.

వానలు తగ్గాక తేగిల్‌ని ఓడెక్కించారు. కొరియాలో పూసాన్ రేవులో దిగాడని ఒక కబురు వచ్చింది. రెండో కబురు రాలేదు. మాల్‌సున్ ఆ ఇంట్లోనే ముప్ఫై ఏళ్లు బతికింది, తమ్ముణ్ణి మళ్లీ చూడలేదు.