పద్నాలుగో గాలిమరలో

ఆ రోజు అది మాకు మూడోది. మొక్కజొన్న చేల మధ్య వరుసగా నిలబెట్టిన ఇరవై గాలిమరల్లో పద్నాలుగోది. పైన ఏదో బోల్టు వదులైందని ఆఫీసు నుంచి ఫోను. లోపలి లిఫ్టు నెల రోజులుగా పనిచెయ్యడం లేదు. పొద్దు ఇంకా వాలలేదు గానీ, నా మోకాళ్లు ఎప్పుడో వాలిపోయాయి.

"నువ్వెక్కరా. నేను కింద స్విచ్చుల దగ్గరుంటా" అన్నాడు బావ. మా అక్క మొగుడే నాకు జోడీ. పదకొండేళ్లుగా ఇద్దరిదీ ఇదే పని.

"నీ బొజ్జని ఈ నిచ్చెన మొయ్యలేదులే బావా" అంటూ నడుముకి బెల్టు బిగించుకున్నాను.

గాలిమర గొట్టం లోపల మిట్టమధ్యాహ్నమైనా చీకటే. తలకున్న లైటు నాలుగు మెట్ల దాకా కనబడనిస్తుంది, అంతే. గ్రీజు వాసన, వేడెక్కిన ఇనుము వాసన. ఆపేసిన రెక్కలు పైనెక్కడో గాలికి మూలుగుతున్నాయి. సగం దూరంలో, ఊపిరి తీసుకోవడానికి ఒక ఇనప పలక వేసి ఉంటుంది. దాని మీద చతికిలబడి, లైటు ఆర్పేసి, కళ్లు మూసుకున్నాను.

నిచ్చెన కదిలింది.

కింద నుంచి అడుగులు. ఒక మెట్టు... ఆగి... ఇంకో మెట్టు. ఒంట్లో సత్తువ లేని మనిషి ఎక్కుతున్నట్టు.

"బావా, నువ్వెందుకొస్తున్నావ్?"

ఆయాసం మాత్రం దగ్గరవుతోంది. దాంతోపాటే తడి మట్టి వాసన. వాన పడి రెండు నెలలైంది.

"కొంచెం జరగండి..." చెవి పక్కనే గుసగుస. "ఇంక ఎక్కలేను."

జరిగాను. ఎందుకు జరిగానో ఇప్పటికీ తెలీదు. ఆ గొంతులో అంత అలసట ఉంది... పలక కిర్రుమంది. చల్లటి భుజం ఒకటి నా భుజానికి ఆనింది.

అప్పుడు నా వాకీటాకీ గరగరలాడింది.

"ఒరేయ్, నీళ్ల కోసం జీపు దగ్గరికొచ్చా. పైకి చేరావా?"

బావ బయటున్నాడు.

లైటు వెయ్యలేదు. పక్కకి చూడలేదు. చేతికందిన మెట్టల్లా పట్టుకుని దిగాను... దిగాను... అరచేతులు ఒలిచిపోయాయి. వెనకాల ఎవరూ దిగిన చప్పుడు లేదు.

జీపెక్కి "పోనివ్వు" అన్నాను. బావ నా మొహం చూసి బండి తిప్పాడు. చేల మధ్య మట్టిదారిలో చాలా దూరం నడిపాడు. తర్వాత నా వైపు ఒరిగి, గొంతు తగ్గించాడు.

"ఆయన్ని ఎక్కడ దింపాలిరా?"

నేను వెనక్కి తిరగలేదు.

వెనక సీట్లో ఎవరో బెల్టు పెట్టుకున్నారు... టక్కుమంది.