భయ్యా అన్న పాపానికి

"ఈ సువర్ణరేఖ ఎవరో గానీ, ఒక్కసారి నా కంటబడితే బాగుణ్ణు," అంది పద్మకుమారి, గోడ మీది బొమ్మల కేసి వేలు చూపిస్తూ. "దిమాగ్ ఉన్న మనిషి రాసే కథేనా ఇది?"

పక్కనే నిలబడ్డ ఆదిబాబు చేతులు రెండూ జేబుల్లో దాచుకున్నాడు. దాచుకోక ఏం చేస్తాడు పాపం, వేళ్ళకి సిరా ఇంకా ఆరలేదు.

టాటానగర్ సీతారాండేరా పేటలో తెలుగువాళ్ళ సంఘానికి ఒక చదువుల గది ఉంది. వేడి చల్లారాక అందే పత్రికలు, కాలు విరిగిన క్యారంబోర్డు, గోడకి ఒక చెక్క పలక, అదీ దాని సంపద. ఆదివారం ఆదివారం ఆ పలక మీద 'రత్నం' అనే బొమ్మల కథ అతికిస్తారు. అడుగున సువర్ణరేఖ అని సంతకం ఉంటుంది. ఊరి పక్కన పారే ఏటి పేరు పెట్టుకున్న ఆ మనిషి ఎవరో పెళ్ళికాని పంతులమ్మ అయ్యుంటుందని సంఘంలో సగం మంది నమ్మకం. నిజానికి ఆ పంతులమ్మకి మీసాలున్నాయి, కార్ఖానా డ్రాయింగాఫీసులో యంత్రాల బొమ్మలకి నకలు తీసే ట్రేసర్ ఉద్యోగమూ ఉంది. ఆ సంగతి తెలిసినవాడు సంఘం కార్యదర్శి గణపతిరావు ఒక్కడే.

పద్మకుమారి పర్సుడీహ్ పేట పిల్ల. తండ్రి టాటానగర్ స్టేషన్లో రైల్వే ఉద్యోగి. పక్క గుడిలో భజనకని నాయనమ్మ నూకాలమ్మ ఆదివారాలు బయల్దేరితే తోడు వస్తుంది. చదువంతా హిందీలో సాగింది కాబట్టి తెలుగు మాట్లాడ్డమే తప్ప రాయడం చదవడం రాదు. ఈ రత్నం కథ కోసమే పట్టుబట్టి అక్షరాలు నేర్చుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, భజన నుంచి వచ్చిన నాయనమ్మకి పైకి చదివి వినిపిస్తుంటే, గదిలో మిగతావాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఆదిబాబు మాత్రం ఆ చదువు వినడానికే వారమంతా బతికేవాడు.

మరి అంత ప్రేమున్నవాడు నోరు విప్పి చెప్పడేం అంటారా? దానికో పెద్ద కారణం ఉంది. కనీసం అతని దృష్టిలో పెద్దదే.

ఆమదాలవలస దగ్గర పల్లె నుంచి ఈ ఊరికి కొత్తగా వచ్చిన రోజుల్లో, ఆ ఏటి మీది మాంగో వంతెన దగ్గర ఓ సాయంత్రం కుండపోత వాన పట్టుకుంది. బస్సు దిగుతున్న ఒక అమ్మాయి చేతిలో బియ్యం సంచి జారింది. ఆదిబాబు పరుగున వెళ్ళి నేలకి తగలకుండా పట్టుకున్నాడు. ఆ పిల్ల తడిసిన ముఖం పైకెత్తి, వానకంటే చల్లగా నవ్వింది. వీడి గుండె అక్కడికక్కడే జారిపోయింది. అంతలో ఆమె "థాంక్యూ భయ్యా" అని సంచి అందుకుని వెళ్ళిపోయింది.

భయ్యా అంటే అన్నయ్య. అంతమాత్రం హిందీ అతనికీ తెలుసు. అతని పల్లెలో ఆడపిల్ల నోట అన్నా అనే మాట వచ్చిందంటే వరస ఖాయమైపోయినట్టే, ఇక పెళ్ళి ఊసు ఎత్తకూడదు. ఆదిబాబు ప్రాణం ఉసూరుమంది. తర్వాత ఆ పిల్లే చదువుల గదిలో కనబడేసరికి, చెప్పుకోలేని దిగులంతా బొమ్మల్లో పెట్టాడు. కథలో రత్నం చేతి నుంచి జారిన కూరల సంచిని క్రేను నడిపే సింహాచలం పట్టుకుంటాడు. రత్నం భయ్యా అంటుంది. ఆ ఒక్క మాట పట్టుకుని సింహాచలం తప్పుకుంటాడు, మధ్యలో ఒక డాక్టరు ఊడిపడతాడు.

ఆ డాక్టరంటేనే పద్మకుమారికి ఒళ్ళుమంట. క్రాపు దువ్వుకోవడం తప్ప వాడికి వేరే పని లేదంది. మొదట్లో రత్నం ఎలా ఉండేది? సైకిలెక్కి బజారుకెళ్ళేది, తూకంలో మోసం చేసిన కొట్టువాణ్ణి నలుగురిలో నిలదీసేది. డాక్టరు వచ్చిన దగ్గర్నుంచి తలుపు వెనక నిలబడి కళ్ళు తుడుచుకోవడమేనట. ఆ పిల్ల నోరు ఏమైపోయిందని అడిగింది. సింహాచలం ముఖం చూస్తే ఇంకా కోపం వస్తుందట, అంత పెద్ద క్రేను నడిపేవాడు ఒక్క మాట అడగలేడా అని.

"వచ్చే ఆదివారం ఆఖరు భాగమంట. రత్నానికి ఆ డాక్టరు తాళి కట్టేడంటే, నేను మళ్ళీ ఈ గదిలో అడుగెట్టను," అంది.

ఆదివారం ఒక్కటే ఆదిబాబుకి దక్కేది. అదీ పోతే ఇక ఈ ఊళ్ళో మిగిలేది కార్ఖానా గొట్టాల పొగే.

"అలగనకండి. ఆ సువర్ణరేఖ మాత్రం ఏటి చేత్తాది? భయ్యా అనేసింది కదా. మా వైపు ఒకసారి నోటంట వచ్చేక వరస మారదండి," అన్నాడు నెమ్మదిగా.

పద్మకుమారి అతని కేసి జాలిగా చూసింది.

"భయ్యా అంటే వరసా? కూరలోడు భయ్యా, రిక్షావోడు భయ్యా, బస్సు కండక్టరు భయ్యా. అలా లెక్కేసుకుంటే ఈ ఊళ్ళో ఏ ఆడపిల్లకీ పెళ్ళవదు."

ఇన్నాళ్ళూ ఆదిబాబు ఏడ్చిన ఏడుపంతా కూరలవాడికి దక్కిన పిలుపు గురించా? ఆ కంగారులో అనవలసింది వదిలేసి అనకూడనిది అనేశాడు.

"రత్నం మాత్రం సుఖపడతాదేటండి? డాక్టరుతో రాంచీ రైలెక్కి కూడా కిటికీలోంచి క్రేను కేసే చూత్తాది."

"రాంచీ ఏటి? రైలేటి?" పద్మకుమారి పలక మీది బొమ్మలన్నీ మళ్ళీ వెతికింది. అందులో రైలు లేదు. "రావలసిన బొమ్మలు మీరెక్కడ చూశారు?"

వెనక కుర్చీలో గణపతిరావు పత్రిక ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"చేతులు బయటికి తియ్యండి," అంది పద్మకుమారి.

తీశాడు. పది వేళ్ళకీ నల్లటి సిరా. ఆమె వేళ్ళు చూసింది, మీసాలు చూసింది, పలక మీది సంతకం చూసింది. పంతులమ్మని తిడదామని దాచుకున్న తిట్లన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు.

"మీరేనా? మరి ఎందుకిలా రాశారు? మిమ్మల్నెవరైనా అలా పిలిచారా ఏటి?"

"పిలిచేరండి."

"ఎవరు?"

"మీరే. మాంగో వంతెన కాడ, వానలో. ఆ వేళ నుంచి నాకు మీరంటే ప్రాణం."

పద్మకుమారికి ఆ వాన గుర్తుంది, బియ్యం సంచి గుర్తుంది. పట్టుకున్న మనిషి మాత్రం గుర్తులేడు. చెవుల దాకా ఎర్రబడింది. చెప్పులేసుకుని, నాయనమ్మ భజన అయిందో లేదో కూడా చూడకుండా గుడివైపు వెళ్ళిపోయింది.

అయిపోయింది, నోరు జారి చేజేతులా చెడగొట్టుకున్నానని ఆదిబాబు తల పట్టుకున్నాడు. ఆ వారమంతా ఆఫీసులో అతను గీసిన సున్నాలు గుండ్రంగా రాలేదు. అయినా రాత్రి కూర్చుని రాంచీ రైలు బొమ్మ చింపేశాడు. డాక్టర్ని అతని ఊరికి సాగనంపాడు. కొత్తగా ఒకే బొమ్మ వేశాడు. క్రేను నిచ్చెన దిగుతూ సింహాచలం, కింద తల పైకెత్తి రత్నం. ఆమె నోటి దగ్గర మాట కోసం గుండ్రటి గీత గీశాడు. లోపల ఏం రాయాలో అతనికి తెలియలేదు. అది రాయవలసిన మనిషి వేరే ఉంది. ఖాళీగానే వదిలేశాడు.

ఆదివారం మళ్ళీ వాన. గణపతిరావు ఆ బొమ్మ అతికించి, ఇదేం ముగింపయ్యా అని గొణిగాడు. భజన ముగిసిన గంటలు వినబడ్డాయి. గుమ్మంలో ఎవరూ లేరు. ఆదిబాబు గొడుగు అందుకుని లేచాడు.

అప్పుడు గుమ్మంలోకి ముందు నూకాలమ్మ వచ్చింది, ఆమె కొంగు చాటున పద్మకుమారి.

"బాబూ, వారం దినాలై ఈ గుంట సరిగ్గా కూడు తింతం నేదు. ఏటైనాదే అంటే నీ ఊసు సెప్పినాది," అంటూ నూకాలమ్మ మనవరాల్ని చూపించి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీ ఇంటిపేరేటి?"

"చింతాడ వారమండి," అన్నాడు ఆదిబాబు.

ముసలామె కళ్ళు మూసుకుని వేళ్ళ మీద ఏవో చుట్టరికాలు లెక్కేసింది.

"నా పెద్దకూతుర్ని ఇచ్చినాది చింతాడోరింటికే కదేటి. అంటే ఈ గుంటకి మేనత్తోరిల్లు. నువ్వు దీనికి బావ వరస. భయ్యా నేదు, గియ్యా నేదు. మీ అయ్యకి మావోడి సేత కబురెడతాను."

గణపతిరావు పత్రిక చాటునే నవ్వాడు.

పద్మకుమారి మాత్రం ఇవేవీ విననట్టు పలక దగ్గరికి నడిచింది. రత్నం ముందున్న ఖాళీ చూసి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపింది. ఆదిబాబు తన కలం ఇచ్చాడు. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, పలక మీద పరీక్ష రాసే పిల్లలా చాలాసేపు రాసింది. రెండే అక్షరాలు.

'బవ.'

ఆదిబాబు దగ్గరికొచ్చి చదివాడు. ట్రేసర్ బుద్ధి, తప్పు కనబడితే ఊరుకోదు.

"దీర్ఘం మర్చిపోయారండి," అన్నాడు.

పద్మకుమారి కలం అతని చేతిలో పెట్టి, తలొంచుకుని నవ్వింది.

"మర్చిపోలేదు. అది మీరు పెట్టాలని వదిలేను."