రెండు గతౌరాలు

"రిబ్బన్ ఉందా?"

"నలుపే ఉంది."

కోడ్ సరిపోయింది. నెహ్రూ నగర్ టైపు ఇన్‌స్టిట్యూట్ వెనకగది తలుపు తెరుచుకుంది. ఏజెంట్ నీలవేణి లోపలికొచ్చింది కానీ కూర్చోలేదు. ఇన్‌స్టిట్యూట్ యజమాని వేషంలో ఉన్న చీఫ్ రాఘవయ్య నేరుగా విషయానికొచ్చాడు.

"రైల్వే గూడ్స్ ఆఫీసు కంప్యూటర్లో ఇవాళ డాస్ తీసి విండోస్ పెడుతున్నారు. మధ్యాహ్నం మూడింటికి మిలిటరీ మందుగుండు గూడ్స్ గతౌరా స్టేషన్ చేరుతుంది. అది ఏ లైన్లో ఆగాలన్న ఆర్డర్ ఆ కంప్యూటర్ నుంచే పోతుంది. ఈ గందరగోళంలో ఫారిన్ గ్యాంగ్ దాన్ని మార్చబోతోంది."

"పాసింజర్ లైన్లోకా?"

"అవును. చాంపా నుంచి పాసింజర్ అదే టైముకి వచ్చే లైన్లోకి."

నీలవేణికి ఒళ్ళు మండిపోయింది. ఆమె కూతురు కనకం చాంపా స్కూల్లో టీచరు. రోజూ ఆ బండికే ఇంటికొస్తుంది.

"అన్నీ తెలిసీ ఇవాళే మార్చాలా? రేపు మారిస్తే ఆ కంప్యూటరు కుళ్ళిపోతుందా? బండి ఆపించండి సార్!"

"ఆపితే గ్యాంగ్ దొరకదు. మన ఏజెంట్ సౌభాగ్య అక్కడ ట్రైనర్‌గా ఉంది. నువ్వు టైపిస్టుగా వెళ్ళు."

గ్యాంగ్ దొరక్కపోతే పోయింది, పిల్ల దక్కితే చాలదా అని అరవబోయింది. డ్యూటీ గుర్తొచ్చి పళ్ళు కొరుక్కుంటూ, అడుగుగిన్నెలో వైర్‌లెస్ అమర్చిన టిఫిన్ క్యారియర్ అందుకుంది.

గూడ్స్ ఆఫీసులో సౌభాగ్య షిఫాన్ చీరలో, నల్లకళ్ళద్దాల్లో సినిమా తారలా ఉంది. తొమ్మిదేళ్ళుగా డాస్ మీద పనిచేసిన గుమాస్తా ఎర్రయ్య చేత మౌస్ పట్టిస్తోంది. ఆయన దాన్ని చచ్చిన ఎలకలా రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"డబుల్ క్లిక్ చెయ్యండి!"

"నొక్కినానమ్మా, ఏటీ అవ్వలేదు! అచ్ఛా, పాతదానికేటి రోగం? పేరు కొడితే ఫైలు వచ్చీది."

తెరమీద 'గతౌరా స్పెషల్' అని ఇంగ్లీషులో ఒకే పేరుతో రెండు బొమ్మలున్నాయి.

"రెండెందుకు?" అంది నీలవేణి.

"ఒకటి బ్యాకప్ కాపీలెండి. పేరులో ఒక ఖాళీ ఎక్కువ పెట్టాను."

మన మనిషే కదా అని నీలవేణి నమ్మింది.

రెండూ యాభై. సౌభాగ్య ఫోన్ చెయ్యడానికి బయటికెళ్ళింది. ఇదే అదనని ఎర్రయ్య జేబులోంచి తన డాస్ ఫ్లాపీ తీసి పెట్టి, మెషీన్ ఆపి మళ్ళీ వేశాడు. నల్లతెర వచ్చింది. ఫైళ్ళ పట్టీ అడిగాడు.

"పేరంటే ఎనిమిదక్షరాలే అమ్మీ! ఆ పొడుగు పేర్లు ఇక్కడ చెల్లవు. తెగ్గోసి అంకె తగిలించీసింది, సూడు... ఇదేటి? గతౌరా ఒకటి, గతౌరా రెండు! మనకి గతౌరాలు ఎన్నున్నాయే?"

నీలవేణి నవ్వలేదు. ఆ బొమ్మల పక్కన కనపడని సైజూ టైమూ ఈ నల్లతెర మీద కనపడుతున్నాయి.

"కాపీ అయితే సైజు తేడా రాకూడదు బాబాయ్! రెండోది ఒంటిగంటంబావుకి పుట్టింది. అప్పుడు మనం భోజనాల్లో ఉన్నాం. మెషీన్ దగ్గర ఆవిడొక్కతే. తెరువు!"

తెరిచాడు. మందుగుండు గూడ్స్, పాసింజర్ లైను.

"చేతులెత్తండి." గుమ్మంలో సౌభాగ్య. చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్. "ఆర్డర్ మోడెమ్‌లో ఎప్పుడో వెళ్ళిపోయింది."

"ఆ బండిలో నా పిల్ల ఉందే, పాపిష్టిదానా!"

"అందరి పిల్లలూ ఉన్నారు," అని సౌభాగ్య నవ్వింది.

ఆ నవ్వుకి ఎర్రయ్య ఆగలేకపోయాడు. మౌస్‌ని తోక పట్టుకుని గిరగిరా తిప్పి కొట్టాడు. పిస్టల్ ఎగిరి పడింది. నీలవేణి సౌభాగ్య చెంప పగలగొట్టిన చప్పుడు లోకో షెడ్డు దాకా వినిపించి ఉంటుంది. ఎర్రయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నీలవేణి అడుగుగిన్నె తెరిచింది.

"గతౌరా! ఆర్డర్ ఫాల్స్! పాసింజర్‌ని స్టేషన్ బయటే, అవుటర్లో ఆపండి! సిగ్నల్ వెయ్యండి, జెండా ఊపండి, పట్టాల మీద పడుకోండి, ఏదో ఒకటి చేసి చావండి!"

రెండూ యాభై ఎనిమిది. యాభై తొమ్మిది.

"ఆగింది మేడమ్," అని గిన్నె గరగరలాడింది.

సాయంత్రం కనకం చెప్పులు విసిరి ఇంట్లోకొచ్చింది. "ఏ ఎదవో గానీ అమ్మా, గంటసేపు బండిని అవుటర్లో నిలబెట్టేసినాడు!"

ఆ రోజు మొత్తంలో నీలవేణికి కోపం తెప్పించని తిట్టు అదొక్కటే.