మెట్ల కింది గదిలో నెట్ మింగేది

ఆ ఇంట్లో మెట్ల కింది గదికి మంచి పేరు లేదు.

అంతకుముందు అద్దెకున్న ఫొటోగ్రాఫరు ఫోను పట్టుకుని ఆ గదిలో అడుగు పెడితే చాలు, అవతలివాళ్ళ మాట సగంలో ఆగిపోయేదట. ఎవరో నోరు నొక్కేస్తున్నట్టు ఉందని నలుగురికీ చెప్పుకుని, ఓ రోజు పెట్టే బేడా సర్దుకుని వెళ్ళిపోయాడు. నేను విన్నది ఇంతే. ఇందులో పాలెన్నో నీళ్ళెన్నో చెప్పినవాళ్ళకే తెలియాలి.

ఆ తర్వాత దిగింది ఓ లెక్కల మాస్టారు. చాటుగా పిల్లలాయన్ని సున్నా మాస్టారంటారు — జవాబు సరిపోయినా సరే, మధ్యలో ఒక మెట్టు ఎగ్గొడితే సున్నా వేస్తాడని. ఆయనకి దెయ్యాల మీద నమ్మకం లేదు. ఉంటే నిరూపించమంటాడు.

ఆయన పనిచేసే బడి మూతపడింది. ఓ ట్యూషన్ సెంటరు వాళ్ళు రాత్రిపూట ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పమన్నారు. కొన్నాళ్ళు చూసి, నచ్చితేనే ఉద్యోగం ఖాయం. తలుపేసుకుని చెప్పుకోవడానికి ఇంట్లో ఉన్నది ఆ గదొక్కటే. భార్య నర్సు, రాత్రి డ్యూటీకి వెళ్ళిపోతుంది. అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడాలంటేనే మొహమాటపడే అత్తగారు పెందలాడే మంచమెక్కేస్తుంది. ఇల్లంతా నిశ్శబ్దం. పాఠానికి ఇంకేం కావాలి?

నెట్ కావాలి.

హాల్లో ఇనప బీరువా వెనకున్న పాత రౌటర్ నుంచి ఆ గది దాకా వచ్చేసరికి సిగ్నల్‌కి పోయే ప్రాణం వచ్చే ప్రాణంగా ఉండేది. బొమ్మ మసగ్గా, ముక్కలు ముక్కలుగా వెళ్ళేది. దాన్నైనా సర్దుకోవచ్చు. కానీ పాఠం మంచి పట్టులో ఉండగా — ఠక్కున మొత్తం పోయేది.

మాస్టారికి ఆ సంగతి వెంటనే తెలిసేది కూడా కాదు. తన మొహం తను చూసుకోవడం చిరాకని, ఫోను తెర నిండా లెక్కల కాగితమే పెట్టుకునేవాడు. గోడకి చెప్పినట్టు చెప్పుకుపోయి, చివర్లో "అర్థమైందా?" అని అడిగితే... ఉలుకూ లేదు, పలుకూ లేదు. కాసేపటికి నెట్ దానంతటదే వచ్చేది. పాపం, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకునేవాడు.

ఒక రాత్రి నెట్ అలా తిరిగొచ్చాక, ఓ పిల్ల గొంతు తగ్గించి అంది.

"సార్... మీ వెనక ఎవరు?"

మాస్టారు వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. తను వేసిన తలుపు మాత్రం... ఓరగా తెరిచి ఉంది.

"తెల్లగా వచ్చి నిలబడుతుంది సార్. అది అటు వెళ్ళగానే నెట్ పోతుంది. రోజూ అంతే."

మసక బొమ్మలో గోడ కూడా మనిషిలాగే ఉంటుందని మాస్టారు కొట్టిపారేశాడు. ఆ రాత్రి మాత్రం దీపం ఆర్పకుండా పడుకున్నాడు. దెయ్యం ఉందని నిరూపణ లేదు, నిజమే. లేదని మాత్రం ఎవరు నిరూపించారు?

ఇంతలో సెంటరు యజమాని ఫోను చేశాడు. పాఠాలు తెగిపోతున్నాయని తల్లిదండ్రులు అడుగుతున్నారట. శుక్రవారం పాఠంలో తనే కూర్చుంటానన్నాడు. "ఆ రోజు గనక తెగితే... ఏమీ అనుకోకండి మాస్టారూ, ఇంకొకర్ని చూసుకుంటాం."

మాస్టారు మర్నాడే రౌటర్ల షాపుకి పరిగెత్తాడు. అద్దాల బీరువాలో ఎనిమిది కొమ్ములతో ఒకటి నల్లగా మిడిగుడ్లేసుకుని చూస్తోంది. దెయ్యాన్ని దెయ్యంతోనే కొట్టాలనుకున్నాడో ఏమో, దాని మీదే చెయ్యేశాడు. షాపతను నవ్వి, కొమ్ములు చూసి కొనడానికి ఇదేమైనా ఎద్దా అన్నాడు. ఓ చిన్న డబ్బా ముందు పెట్టి, ఇందులో సిగ్నల్‌కి రెండు దార్లుంటాయి, ఒకటి నిదానంగానైనా గోడ దాటుతుంది, రెండోది పరిగెడుతుంది గానీ గోడ కనపడితే చతికిలబడుతుంది అని చెప్పాడు. మీ ఇంటికి ఈ చవకది చాలు, కానీ పెట్టే చోటు ముఖ్యం. బీరువా వెనక దాస్తే ఎంత ఖరీదైనదైనా మూగదేనన్నాడు. హాల్లోంచి తీగ లాగి పాఠం చెప్పే గదిలోనే పెట్టుకోమన్నాడు.

ఇంట్లో అడ్డుపడింది అత్తగారు. ఏనాడూ దేనికీ కాదనని మనిషి, కూతురిచేత చెప్పించింది — ఉన్నది బాగానే ఉందిగా, దండగ ఖర్చెందుకు, ఆ గదిలో కొత్త మిషను పెడితే అక్కడున్నది ఊరుకుంటుందా అని. మాస్టారు వినలేదు. తన వీపు వెనక అలమరలో రౌటర్ పెట్టి, పక్కనే ప్లగ్గు బిగించాడు.

శుక్రవారం రాత్రి.

బొమ్మ అద్దంలా వెళుతోంది. యజమాని ఉన్నాడని, మాస్టారు మొదటిసారి తన బొమ్మ కూడా తెర మూల కనపడేలా పెట్టుకున్నాడు. పాఠం భిన్నాలు. భిన్నంతో భాగించాలంటే దాన్ని తలకిందులు చేసి ఎందుకు గుణిస్తామో చెబుతున్నాడు. మంచి పట్టులో ఉన్నాడు.

తెర మూల... తన భుజం వెనక... తలుపు కదిలింది.

తెల్లగా ఏదో లోపలికొచ్చింది. నిలబడింది. పిల్లలంతా బిగుసుకుపోయారు.

"సార్..." ఎవరిదో గుసగుస. "వచ్చింది."

మాస్టారు తెర మూలకే చూస్తుండిపోయాడు. వెనక్కి తిరగాలంటే మెడ మాట వినడం లేదు. ఈసారి అది వెళ్ళిపోలేదు. ఒక్కొక్క అడుగే దగ్గరికొచ్చింది... తెల్లటి ముసుగులోంచి ఓ చెయ్యి సాగింది... ఆయన వీపు వెనకనుంచి అలమర వైపు... రౌటర్ ప్లగ్గు మీదికి—

మాస్టారు గిర్రున తిరిగాడు.

తల మీదుగా తెల్ల శాలువా కప్పుకుని, ప్లగ్గు మీద రెండు వేళ్ళు వేసి — అత్తగారు.

ముందు ఆవిడే తేరుకుంది.

"కోప్పడకండి బాబూ. భిన్నాల దగ్గరే నా చదువు మాన్పించారు. మీరు చెబుతుంటే వినాలనిపించి వస్తున్నాను. ఒకసారి చెబితే నాకు ఎక్కదు... నెట్ పోతేనే కదా మీరు మళ్ళీ మొదట్నుంచి చెప్పేది."

అర్థం కానప్పుడల్లా హాల్లోకి వెళ్ళి ప్లగ్గు పీకి, కాసేపాగి పెట్టేదట. అడగొచ్చుగా అంటే, అల్లుడిగారిని అడగడానికి సిగ్గేసిందట. ఇన్ని రాత్రులు గోడలకి చెబుతున్నాననుకున్న మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉద్యోగం పోయిందని మాత్రం తెలిసిపోయింది. అయినా కోపం రాలేదు. జాలేసింది, చిత్రంగా కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఫోనులో యజమాని దగ్గాడు. సంగతంతా విన్నట్టే ఉన్నాడు.

"మాస్టారూ... ఆ ప్లగ్గు అలాగే ఉంచి, మళ్ళీ ఒకసారి చెప్పండి. ఎందుకు తలకిందులు చేస్తామో ఇన్నేళ్ళయినా నాకూ తెలీదు. సోమవారం నుంచి కూడా ఇలాగే, ప్రతిదీ రెండుసార్లు చెప్పండి."