ఎర్రదీపం గది

ఆసుపత్రి వెనక పరిశోధనలు చేసే భవనం ఒకటి ఉంది. దాని నేలమాళిగలో చివరి గదికి మంచి పేరు లేదు. పగలు ఎవరూ ఏమీ అనరు. చీకటి పడితే మాత్రం ఊడ్చే ఆవిడ కూడా ఆ గుమ్మం ముందు చీపురు ఆపేసి వెనక్కి తిరుగుతుంది. లోపల ఎవరో ఆడమనిషి గుసగుసలాడుతుందట... అవీ మంచి మాటలు కావు. చావమంటుందట.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆ రోజుల్లో అసలు దేని మీదా లేదు. మా అన్నయ్యకి తలలో గడ్డ. ఆపరేషన్ చేసి తీయగలిగినంత తీశారు. మిగిలినదానికి రేడియేషన్ పెడుతున్నారు. రాత్రిళ్లు వార్డులో వాడికి తోడు నేనే. నిద్ర పట్టక కిందికొస్తే నైట్ వాచ్‌మన్ కబుర్లు చెప్పేవాడు. ఆయన్ని అందరూ టార్చి బాబాయ్ అంటారు. లైట్లు వెలుగుతున్నా టార్చి ఆర్పడు మరి.

ఆయన చెప్పిందే చెబుతున్నాను, నా సొంత పైత్యం ఏమీ కలపడం లేదు.

ఒక రాత్రి ఆయన నేలమాళిగలో తిరుగుతున్నాడట. చివరి గది తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోందట. అది వెలిగిందంటే లోపల మిషను కిరణాలు వదులుతోందని అర్థం, తలుపు తియ్యకూడదు. కానీ ఆ వేళప్పుడు అక్కడ పని చేసేవాళ్లెవరు? చూస్తుండగానే దీపం ఆరింది. అంతా నిశ్శబ్దం... ఆ తర్వాత, తలుపు అవతల, చెవిలో చెప్పినట్టు —

"చచ్చిపోండి... మీకు దణ్ణం పెడతాను, చచ్చిపోండి..."

బాబాయ్ మెట్ల మీదికి వచ్చిపడ్డాక గానీ చేతిలో టార్చి లేదని తెలియలేదట. టార్చి బాబాయ్ టార్చి వదిలేశాడంటే మాటలా! నేను కడుపుబ్బ నవ్వాను. ఎన్నాళ్లైందో అలా నవ్వి. వదినకి చెబితే తను కూడా కాస్త నవ్వుతుంది కదా అనుకున్నాను. వదిన పని చేసేది ఆ భవనంలోనే. రేడియేషన్ తగిలితే గడ్డల్లోని కణాలు ఏమవుతాయో చూసే పని.

మర్నాడు చెప్పాను. వదిన నవ్వలేదు.

"అది నేనే," అంది.

వాళ్ల దగ్గరికి గడ్డ ముక్కలు నంబరుతోనే వస్తాయి, పేరు ఉండదు. ఎవరిదో తెలియకూడదు, అది అక్కడి పద్ధతి. కానీ అన్నయ్య ఆపరేషన్ అయిన రోజున వచ్చింది ఒక్కటే ముక్క. వదినకి చూడగానే తెలిసిపోయింది. పైవాళ్లకి చెప్పేసి తప్పుకోవాలి. చెప్పలేదు. ఆ కణాలని పెంచింది. అందరూ వెళ్లాక, సీసం అడ్డు వెనక నిలబడి, వాటికి కిరణాలు పెట్టడం మొదలుపెట్టింది. ఈ మోతాదుకి చావకపోతే ఇంకో మోతాదు, దానికీ చావకపోతే ఏదో మందు కలిపి మళ్లీ... ఒక్క దారి దొరికితే పరిగెత్తుకెళ్లి అన్నయ్య డాక్టరుకి చెప్పాలని ఆవిడ ఆశ.

దెబ్బ తిన్న కణం వెంటనే చావదట. ఏమీ ఎరగనట్టే కొన్నాళ్లు బతుకుతుందట. రెండుగా విడిపోబోయేటప్పుడు తెలుస్తుంది దాని పని అయిపోయిందని. అందుకే ఆగాలి. ఆగి, చివర్లో కణాలు పెరిగే గుండ్రటి డిష్షులో ఊదా రంగు పోసి కడగాలి. బతికి పిల్లలు పెట్టిన చోటల్లా చుక్క పడుతుంది. డిష్షు శుభ్రంగా కనబడితే గెలిచినట్టు.

"కనబడిందా?" అన్నాను.

వదిన తల అడ్డంగా ఊపింది. చుక్కలు... ఏ మోతాదుకైనా చుక్కలే. పైన వార్డులో అన్నయ్య మాత్రం ఈ వారం తల తేలిగ్గా ఉందిరా అంటున్నాడు. వదిన వాడి దుప్పటి సర్దుతూ, ఉంటుంది, మందు పని చేస్తోంది కదా అనేది. నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి. ఏడుపొచ్చేది నాకు.

వాన మొదలైన రోజుల్లో అన్నయ్య పోయాడు.

వదిన సెలవు పెట్టలేదు. ఆ కణాలని ఇంకా ఎందుకు పెంచుతున్నావని నేనూ అడగలేదు. ఒక గాలివాన రాత్రి, ఆసుపత్రి పక్క వీధిలోని మా ఇంట్లో వదిన ఫోను మోగింది. నేలమాళిగలో కరెంటు పోయింది, జనరేటర్ స్టార్ట్ అవడం లేదు, కణాలని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ చల్లబడుతోంది. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది మనిషి. వెనకాలే నేను.

నేను చేరేసరికి టార్చి బాబాయ్ మెట్ల దగ్గర గోడకి అతుక్కుని నిలబడ్డాడు.

"మళ్లీ వచ్చింది బాబూ... ఈసారి మాట మార్చింది."

ఆయన చేయి పట్టుకుని కిందికి తీసుకెళ్లాను. ఎర్రదీపం లేదు, ఏ దీపమూ లేదు. గది తలుపు తెరిచి ఉంది. టార్చి వెలుగులో ఇంక్యుబేటర్‌కి ఆనుకుని నేల మీద వదిన. స్వెటర్ లోపల ఏదో దాచుకుని, రెండు చేతులూ కడుపుకి చుట్టుకుని, పసిపిల్లని ఆడించినట్టు ఊగుతోంది.

"చావకండి... కాసేపే... చావకండి..."

దగ్గర కూర్చున్నాను. స్వెటర్ లోపల మూత బిగించిన చిన్న సీసా. అడుగున, కణాలు పెరిగే ఎర్రటి నీళ్లు కాసిని.

"వదినా... అన్నయ్యని చంపినవి ఇవే కదా."

"తెలుసురా," అంది. "మీ అన్నయ్యవి ఇంకా బతికున్నవి ఇవే."

బాబాయ్ మొదటిసారి టార్చి ఆర్పేశాడు. చీకట్లో వదిన చెయ్యి నా చెయ్యి వెతుక్కుంది. ఇంక్యుబేటర్లో మిగిలిన ఇంకో సీసా నా అరచేతిలో పెట్టింది. ఒంటి వేడి తగిలితే చాలు, చొక్కా లోపల పెట్టుకోమంది.

పెట్టుకున్నాను. మంచులా ఉంది ముట్టుకుంటే.

కాసేపటికి వెచ్చబడింది.